పాత పికప్‌లో అరకు, భీమిలి: డీజిల్ లెక్కతో చూసిన దారులు, బసలు

పాత డీజిల్ పికప్ నడిపేవారిలో చాలామంది మైలేజీ తగ్గితే బండికి వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. విశాఖపట్నం నుంచి ఒకసారి అరకుకు, మరోసారి భీమిలికి మా డబుల్ క్యాబిన్ పికప్‌లో వెళ్లి వచ్చిన తరువాత, అందులో వయసు వాటా కొంతే అని నాకు నమ్మకం కుదిరింది. ఏ వేళకు బయలుదేరాం, ఎక్కడ బస చేశాం, బయలుదేరే ముందు బండిని ఎవరికి చూపించాం అన్న మూడు నిర్ణయాలే డీజిల్ ఖర్చులో పెద్ద భాగాన్ని తేల్చాయి.

ప్రయాణానికి ముందు బండిని గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న గ్యారేజీకి తీసుకువెళ్లాను. అక్కడి మెకానిక్ ఇంజిన్ విప్పే మాట ఎత్తలేదు. బండిని కొంత దూరం నడిపించి, నాలుగు చక్రాల మధ్యభాగాలను చేతితో తాకి చూశాడు. వెనుక ఎడమ చక్రం మిగిలిన వాటికంటే బాగా వేడిగా ఉంది, అంటే బ్రేకు పూర్తిగా వదలడం లేదు. అలా పట్టుకున్న బ్రేకు ఉంటే ఎంత డీజిల్ పోసినా కొంత భాగం బ్రేకు డ్రమ్మును వేడి చేయడానికే పోతుంది. తరువాత అతడు గమనించిన విషయం నాకు మరింత విలువైనదిగా తోచింది. ఇంజిన్ వేడెక్కేవరకు నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాటే లేదు. ఎండ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఇంజిన్ వేడెక్కుతుందన్న భయంతో దానిని తీసేయడం చాలాచోట్ల అలవాటు. అయితే అది లేనప్పుడు నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూ ఉంటాయి, ఇంజిన్ పనిచేయవలసిన వేడికి త్వరగా చేరదు, చల్లగా ఉన్నంతసేపూ డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొత్త థర్మోస్టాట్ ఖరీదు ఒక ట్యాంకు డీజిల్ ధరలో చిన్న భాగం మాత్రమే. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్పించాను. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లను పరీక్షకు పంపితే ఒకటి సన్నని తుంపరగా కాక ధారగా చిమ్ముతోందని తేలింది. ఎక్కే దారిలో నల్లటి పొగ రావడానికి కారణం అదే.

వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కోసం మాత్రం వేరే చోటికి వెళ్లవలసి వచ్చింది. అక్కడ టైర్లలో గాలి చూడకుండానే బండిని యంత్రం మీదకు ఎక్కించబోయారు. నేను అడిగిన తరువాతే గాలి సరిచేశారు. గాలి తగ్గిన టైరుతో చేసిన అలైన్‌మెంట్‌ను నమ్మలేం. టైర్లలో గాలి ఒత్తిడి ఒక్కో పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుంది. వినడానికి చిన్న అంకెగా ఉన్నా, నాలుగు టైర్లలోనూ పదేసి పీఎస్‌ఐ తక్కువగా తిరిగే పికప్‌లు మన రోడ్ల మీద ఎన్నో కనిపిస్తాయి.

కొలత విషయంలో ఒకే పద్ధతి పాటించాను. ట్యాంకు నిండా పోయించి, బంకు గొట్టం దానంతట అదే ఆగిన చోట ఆపి, తిరిగి వచ్చాక అదే బంకులో అదే విధంగా నింపి, దూరాన్ని లీటర్లతో భాగించాను. తెల్లవారుజామున పోయిస్తే డీజిల్ ఎక్కువ వస్తుందన్న మాటను లెక్కలోకి తీసుకోలేదు. భూమిలోపలి ట్యాంకులో ఉష్ణోగ్రత రోజంతా పెద్దగా మారదు. బంకు కొలత మీద అనుమానం ఉన్నవారు ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడగవచ్చు. అది వినియోగదారుల హక్కు.

విశాఖ నుంచి అరకుకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వరకు దారి ఎక్కువగా చదునే. కానీ పెందుర్తి రద్దీని తెల్లవారకముందే దాటకపోతే మొదటి రెండు గేర్లలోనే ఎంతో డీజిల్ పోతుంది. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది. రెండు టన్నుల బరువును అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తిని, ఇంజిన్ నష్టాలతో కలిపి లెక్కిస్తే, సుమారు లీటరున్నర డీజిల్ అవుతుంది. ఆ లీటరున్నరను ఎవరూ తప్పించలేరు. చదును దారిలోనూ అయ్యే ఖర్చు పోగా, దానికి మించి అయ్యేది ఎక్కువగా నడిపే తీరు మీద ఆధారపడుతుంది. గేరు మార్చడం ఆలస్యం చేసి ఇంజిన్‌ను గుంజించడం, ఆపైన యాక్సిలరేటర్ అదిమి పొగ తెప్పించడం, మలుపు ముందు వేగం పెంచి మలుపులో బ్రేకు వేయడం, ఇవే అసలు నష్టాలు.

బస విషయంలో ఘాట్ దారిలోనే వచ్చే అనంతగిరిని అరకు కంటే మెరుగైనదిగా భావిస్తున్నాను. బొర్రా గుహలకు ప్రధాన రహదారి నుంచి కిందికి దిగి, చూశాక మళ్లీ ఎక్కాలి. అరకులో బస చేసి బొర్రాకు వచ్చి తిరిగి వెళ్లేవారు మధ్యలో వచ్చే గాలికొండ ఎత్తును అదనంగా రెండుసార్లు దాటవలసి వస్తుంది. అనంతగిరిలో రాత్రి ఆగితే ఉదయం బొర్రా చూసుకుని, సుంకరిమెట్ట కాఫీ తోటల మీదుగా అరకు చేరవచ్చు. ఎక్కడా అదే కొండను అనవసరంగా ఎక్కనక్కరలేదు. అరకులో మేము దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, భోజనం వేడిగా పెట్టారు. అయితే పార్కింగ్ చిన్న కార్లకు తప్ప చాలదు. పికప్‌ను రోడ్డు పక్కన వాలులో నిలిపి, రాళ్లు అడ్డుపెట్టవలసి వచ్చింది. పెద్ద బండితో వెళ్లేవారు గది కంటే ముందు ఆవరణ ఎంత ఉందో ఫోనులో అడగడం మంచిది. డిసెంబరు, జనవరి వారాంతాల్లో బొర్రా దగ్గర వాహనాలు కదలకుండా నిలిచిపోతాయి. అక్కడ ఇంజిన్ ఆపి కూర్చోవడమే సరైన పని.

దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందని చెప్పేవారు ఘాట్ పొడవునా ఎదురయ్యారు. ఇది ప్రమాదకరమైన నమ్మకం. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే, ఇంజిన్ ఐడిల్ వేగం (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కంటే ఎక్కువగా తిరుగుతున్నంతసేపూ పాత యాంత్రిక డీజిల్ పంపులో ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ కూడా డీజిల్‌ను ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఐడిల్‌కు డీజిల్ పోస్తూనే ఉంటుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎక్కిన గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా పాటించదగినది.

అరకు ప్రయాణం మొత్తం మీద లీటరుకు పదిన్నర కిలోమీటర్లు వచ్చింది. మరమ్మతులకు ముందు చదును రోడ్డు మీద కూడా ఈ బండి తొమ్మిది దాటేది కాదు. భీమిలికి బీచ్ రోడ్డులో ఉదయం వెళ్లినప్పుడు పన్నెండు దాటింది. ఆ దారిలో ఎత్తుపల్లాలున్నా గంటకు 50 కిలోమీటర్ల దగ్గర నిలకడగా సాగిపోవచ్చు. జాతీయ రహదారి మీదుగా ఆనందపురం వైపు వెళ్తే వేగం 80కి చేరుతుంది, కానీ వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది కనుక ఎత్తైన పికప్‌కు ఆ దారి ఖరీదైనది. సమయం కొద్దిగా కలిసివచ్చినా డీజిల్‌లో అది పోయింది. సాయంత్రం తిరుగు ప్రయాణానికి మాత్రం బీచ్ రోడ్డును సూచించను. ఋషికొండ దగ్గర జనం, ఆగి ఉన్న కార్లు కలిసి ఉదయం మిగిలిన దానిని తినేస్తాయి. భీమిలిలోనే మధ్యాహ్న భోజనం ముగించుకుని, ఎండ తగ్గకముందే బయలుదేరితే ఆ చిక్కు ఉండదు.