వారానికో గోలి: రెండున్నరేండ్లు వాడినంక నా అనుభవం

రెండున్నరేండ్ల నుంచి సెంట్‌క్రోమాన్ గోలి వాడుతున్న, కడుపు రాకుంట ఉండేతందుకు. మెడికల్ షాపుల సహేలి అని దొరుకుతది, సర్కార్ దవాఖానల ఛాయ అని పైసల్లేకుండ ఇస్తరు, లోపల మందు ఒకటే, 30 మిల్లీగ్రాములు. నేను మొదలువెట్టినప్పుడు దీన్ని వాడిన ఆడపిల్ల తెలుగుల రాసిన ముక్క ఒక్కటి దొరకలే, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

మాది నకిరేకల్ దగ్గర ఊరు, డిగ్రీ నల్లగొండల చేసిన. ఇప్పుడు 27 ఏండ్లు, మాదాపూర్ల జాబ్, ఉండేది హాస్టల్ల. అతనిది జడ్చర్ల. నాలుగేండ్ల ప్రేమ, ఇంట్ల ఇంకా చెప్పలే, కులాలు వేరు, వాళ్ల అక్క పెండ్లి అయ్యేదాక ఆగుదాం అన్నడు, నాకేమో టీం లీడ్ ప్రమోషన్ దగ్గరవడ్డది, ఈ టైంల కడుపొస్తే ఎట్ల అనేది రోజు తలకాయల తిరిగేది.

ముందు కండోమ్ ఒక్కటే వాడెటోళ్లం. అది చినిగినప్పుడో, ఉంటదిలే అనుకొని లేనప్పుడో, 72 గంటల లోపల ఏసుకునే ఎమర్జెన్సీ గోలి. ఒకే ఏడాదిల మూడుసార్లు మింగిన. మూడోసారి తర్వాత నెలల రెండుసార్లు బ్లీడింగ్ అయింది, భయమైతుంటే డాక్టర్ దగ్గరికి పోయిన. ఆమె పెండ్లైందా అని అడగలే, "ఎన్నిసార్లు ఏసుకున్నవ్ తల్లీ" అన్నది, అక్కడనే ఏడ్సిన. అది ఆపదకు ఏసుకునేదే గాని అలవాటుగ వాడేది కాదని చెప్పి, రోజు గోలీలు, గర్భసంచిల పెట్టే కాపర్-టీ, ఈ వారం గోలి, అన్ని ముందట వెట్టింది. నాకు షిఫ్టులు మారుతుంటయ్, రోజు ఒకే టైంకు మింగుడు నాతోని కాదు, వారానికొకటి అంటే దాన్నే పట్టుకున్న.

డేట్ వచ్చిన మొదటి రోజు మొదలువెట్టాలె. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒక్కటే. నాకు ఆదివారం వచ్చింది కాబట్టి ఆదివారం, బుధవారం ఏసుకున్న, ఇప్పుడు ఒక్క ఆదివారమే. లక్నోల సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇనిస్టిట్యూట్ల తయారైన మందు, 1991 నుంచే మార్కెట్ల ఉన్నది, ఇన్నేండ్లు మాకెవ్వలు ఎందుకు చెప్పలేదో. దీంట్ల హార్మోన్లు లెవ్వు, అండం విడుదల ఆగదు, గర్భసంచిల పిండం కుదురుకోకుంట చేస్తది. నాకు వాంతులు రాలే, బరువు పెరగలే.

అసలు కష్టమల్లా డేట్ లేటయ్యుడు. నాలుగో నెల 16 రోజులు లేటయింది. నైట్ షిఫ్ట్ దిగి పొద్దుగాల 5 గంటలకు హాస్టల్ బాత్రూంల కడుపు టెస్ట్ కిట్ పట్టుకొని కూసున్న, బయట రూమ్మేట్ తలుపు కొడుతుంది, ఆమెకు క్యాబ్ టైమైతుంది, ఇంకా ఐదు నిమిషాలు అని లోపల్నుంచి అంటున్న గాని గొంతు లేస్తలేదు. సీ పక్కన ఒక్క గీతనే వచ్చింది, అంటే కడుపు లేనట్టే. రెండో గీత కనవడ్తదేమోనని బల్బు కిందికి వెట్టి వెట్టి చూసిన. అతనికి ఫోన్ చేస్తే ముందుగాల "నీకు నొప్పేమన్న ఉందా" అని అడిగిండు, ఆ మాట నేను మర్చిపోలే. ఈ గోలితోని లేటయ్యుడు మామూలేనట, 15 రోజులు దాటితే మాత్రం టెస్ట్ చేసుకోవాలె అని డాక్టర్ చెప్పింది. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు లేటయింది, భయం తగ్గింది గాని పూర్తిగ పోలే, సొరుగుల రెండు కిట్లు ఎప్పుడు పెట్టుకుంట.

పోయిన బతుకమ్మకు ఇంటికి పోతే అమ్మ నా బ్యాగు సర్దుకుంట స్ట్రిప్ చూసింది. "దేనికి బిడ్డా ఇది" అన్నది. రక్తం తక్కువున్నదని ఇచ్చిండ్రమ్మా అన్న. ఏం మాట్లాడలే, పెరట్ల తోటకూర తెంపుకొచ్చి వండింది, తెల్లారి నా కోసమని పల్లీలు బెల్లం దంచి ముద్దలు చేసింది. నేను స్ట్రిప్ బట్టల కింద దాసిన, ఆ ఆదివారం మర్చేపోయిన. బుధవారం బస్సుల చౌటుప్పల్ దాటినంక యాదికొచ్చింది. గుర్తొచ్చిన ఎంబడే ఏసుకొని మల్ల డేట్ వచ్చేదాక కండోమ్ తప్పనిసరి అన్నది డాక్టర్, అదే ఏడు రోజులు దాటితే మల్ల మొదటి నుంచి, వారానికి రెండు.

పీసీఓడీ (అండాశయాల నీటిబుడగల సమస్య) ఉన్నోళ్లకు, ఈ మధ్య కామెర్లు అయినోళ్లకు ఇది ఇయ్యరు, అడగకుండ మీ అంతల మీరు కొనుక్కోకుండ్రి. కలిసినప్పుడు అంటుకునే రోగాలను ఆపేది కండోమే, ఈ గోలి కాదు, మేం రెండూ వాడుతం. సర్కార్ దవాఖానల పైసల్లేకుండ వస్తది నిజమే గాని మా ఊరి దగ్గర అడగాలంటే నర్సమ్మ మా చిన్నమ్మకు దోస్తు, అందుకే సిటీలనే కొంట. మొదట్ల ఒక షాపాయన పది మంది ముందట "ఎవరికమ్మా" అని గట్టిగ అడిగిండు, మల్ల ఆ షాపుకు పోలే.

ఆదివారం 9 గంటలకు నా ఫోన్‌తోపాటు అతని ఫోన్ల కూడ అలారం మోగుతది, నేను ఏసుకున్న అని మెసేజ్ పెట్టేదాక ఆపడు. ప్రమోషన్ వచ్చింది, వాళ్ల అక్క పెండ్లి అయింది. ఈ సంక్రాంతికి అమ్మకు చెప్త, ముందు అతని గురించి, తర్వాత ఆ గోలి గురించి. ఆ తోటకూర తిన్న పూట నుంచి అదే మనసుల పెట్టుకున్న.