చేతికి ఫోనా, ఇంటికి తీగా, నెలనెలా రాయితీయా: పేదింటికి ఏది మేలు?

మా వీధి చివర ఇస్త్రీ బండి నడిపే ఆవిడ, పక్క గోడకు తగిలించుకున్న క్యాలెండరులో నెలకో తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుడుతుంది. అది గ్యాసు బండ తేదీ కాదు, చీటీ పాట తేదీ కాదు. ఫోను వ్యాలిడిటీ అయిపోయే రోజు. "ఏడాదికి పన్నెండు నెలలే కదండీ, నేను పదమూడు సార్లు రీఛార్జ్ ఎందుకు వేయిస్తున్నాను?" అని ఒకసారి అడిగింది. 28 రోజుల ప్లాను మహిమ అది. 2024 జులైలో ధరలు పెరిగాక ఆవిడ వేయించుకునేది 199 రూపాయల ప్లాను. పదమూడు సార్లకు 2,587 అవుతుంది. అది ఆవిడ ఒక్కరి ఫోనుకే. పెనిమిటి ఫోను ఖర్చు వేరు.

ఇలాంటి ఇంటికి ప్రభుత్వం చేయూతనివ్వాలంటే ఏ దారి మంచిది? మూడు చోట్ల మూడు రకాలుగా ప్రయత్నించారు.

రాజస్థాన్ చేతికి ఫోనే ఇచ్చింది. 2023 ఆగస్టు 10న అశోక్ గెహ్లాట్ ప్రభుత్వం ఇందిరా గాంధీ స్మార్ట్‌ఫోన్ పథకం మొదలుపెట్టింది. ఒక్కో మహిళకు 6,800 రూపాయలు: ఫోనుకు 6,125, సిమ్ము, డేటా కోసం 675. మొదటి విడతలో 40 లక్షల మందికి ఇవ్వాలన్నది లెక్క. ఫోను ఇంటి ఆడవారి పేరున ఇవ్వడం నాకు బాగా నచ్చిన సంగతి. కానీ ఆ 675 అయిపోయాక? రీఛార్జ్ లేని స్మార్ట్‌ఫోను టార్చిలైటుకు ఎక్కువ, ఫోనుకు తక్కువ. పైగా ఆ ఏడాది డిసెంబరుకల్లా ఎన్నికలై ప్రభుత్వమే మారిపోయింది. ఇంట్లో అసలు ఫోనే లేనివారికి ఇది పనికొస్తుంది. ఇస్త్రీ బండి ఆవిడకు ఫోను ఉంది, గీతలు పడిన అద్దంతోనే అయినా. ఆవిడ తంటా అంతా క్యాలెండరు మీది సున్నాతోనే.

కేరళ ఇంటికి తీగ లాగింది. కేఫోన్ పేరుతో 2023 జూన్ 5న మొదలైన ఈ పథకంలో 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత ఇంటర్నెట్ లక్ష్యం. మొదటి విడతకు నియోజకవర్గానికి నూరిళ్ల చొప్పున 140 నియోజకవర్గాలకు 14,000 ఇళ్లు పెట్టుకున్నారు. ఇరవై లక్షలెక్కడ, పద్నాలుగు వేలెక్కడ! మనకూ ఈ దారి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామంటూ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభించారు.

తీగకు ఒక గొప్ప సుగుణం ఉంది. తండ్రి ఫోను జేబులో పెట్టుకుని పనికి పోతే పిల్లల చదువు ఆగిపోదు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ ఒకేసారి చూసుకోవచ్చు. కరోనా రోజుల్లో ఒక్క ఫోను చుట్టూ ముగ్గురు పిల్లలు కొట్టుకున్న ఇళ్లకు ఆ విలువ తెలుసు. చిక్కల్లా అద్దె గదులతోనే. గోడకు మేకు కొట్టనివ్వని ఇంటి యజమాని తీగ లాగనిస్తాడా? ఆరు నెలలకోసారి గది మారేవారి వెంట తీగ రాదు, ఫోనే వస్తుంది.

ఇక అమెరికా. అక్కడ నెల బిల్లులో కొంత తగ్గిస్తారు. అందులోనూ రెండు పద్ధతులు వచ్చాయి, అసలు పాఠం అక్కడే ఉంది. 1985లో మొదలైన లైఫ్‌లైన్ పథకం నెలకు 9.25 డాలర్ల వరకు ఇస్తుంది. దారిద్ర్య రేఖకు 135 శాతం లోపు ఆదాయం ఉన్నవారికి, లేదా ఆహార కూపన్ల వంటి పథకాల్లో ఉన్నవారికి, ఇంటికి ఒక్కటి. ఇంటి ఇంటర్నెట్ బిల్లు ముందు ఆ సొమ్ము ఆవగింజంత. రెండోది అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్. 2021 చివర 1,420 కోట్ల డాలర్లతో వచ్చింది, నెలకు 30 డాలర్ల వరకు ఇచ్చింది. 2 కోట్ల 30 లక్షలకు పైగా కుటుంబాలు చేరాయి. 2024 ఫిబ్రవరిలో కొత్తవారిని చేర్చుకోవడం ఆపారు, జూన్ 1కల్లా పథకమే లేదు. డబ్బు అయిపోయింది, అక్కడి చట్టసభ (కాంగ్రెస్) మళ్లీ ఇవ్వలేదు. 30 డాలర్ల మీద ఆశ పెట్టుకుని కనెక్షన్ తీసుకున్నవారి చేతికి పూర్తి బిల్లు వచ్చింది.

చిన్నది నలభై ఏళ్లుగా నిలిచింది, పెద్దది మూడేళ్లు కూడా నిలవలేదు. కారణం దానశీలం కాదు, డబ్బు వచ్చే దారి. లైఫ్‌లైన్ సొమ్ము ఏటేటా బడ్జెట్ దయ మీద రాదు. టెలికం కంపెనీల నుంచి వసూలు చేసే ప్రత్యేక నిధి నుంచి వస్తుంది.

అలాంటి నిధి మనకూ ఉంది. 2002 నుంచి టెలికం కంపెనీల సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో (ఏజీఆర్) 5 శాతం అందులోకి వెళ్తుంది. 2023 టెలికం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధిగా మారింది. ఇస్త్రీ బండి ఆవిడ కట్టే 199లోంచి కూడా నాలుగు రాళ్లు అందులో పడుతున్నట్టే. అవి ప్రధానంగా పల్లెల్లో టవర్లకూ కేబుళ్లకూ పోతున్నాయి. అవీ కావలసినవే. కానీ టవరు నీడలో ఉండి కూడా రీఛార్జ్ లేక మూగబోయిన ఫోనుకు అందులోంచి ఏమీ రాదు. అందుకే నా ఓటు మూడో దారికి, అదీ లైఫ్‌లైన్ తరహాకు. మొత్తం తక్కువైనా ఫరవాలేదు, ఆగకుండా రావాలి.

ఆ మొత్తం ఎంత చిన్నదైనా సరిపోతుందో చూడండి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరిలో మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు వచ్చాయి. వాటిలో ఒకటి ఏడాదికి 1,849. ఇస్త్రీ బండి ఆవిడకు చెబితే నవ్వింది. "ఒక్కసారి అంత ఎక్కడినుంచి తేనండీ?" అంది. కిలోల లెక్కన కొనుక్కునేవారికే బియ్యం ప్రియం, బస్తా తెచ్చుకునేవారికి చవక. ఆ 1,849 నిధి ముందు కట్టేసి, ఆవిడ దగ్గర నెలకు 155 చొప్పున తిరిగి తీసుకున్నా, ఒక్క రూపాయి రాయితీ లేకుండానే ఏడాదికి 700 పైన ఆవిడకు మిగులుతుంది. డేటా ఉండదు, నిజమే. ఇప్పుడు వచ్చే రెండు జీబీని కొడుకు మొదటి వారంలోనే అవగొట్టేస్తాడట.