గుల్మార్గ్, అల్మాటీ, హొక్కైడో: మంచు ట్రిప్ నుంచి నెల్లూరుకి ఏం తెస్తే మేలు?

స్కీయింగ్ సరదా తీర్చుకుందామని బయల్దేరే నెల్లూరు, ఒంగోలు వాళ్లకి ఇప్పుడు మూడు దారులున్నాయి: కాశ్మీర్‌లో గుల్మార్గ్, కజకిస్తాన్‌లో అల్మాటీ, జపాన్‌లో హొక్కైడో. ఎక్కడ మంచు బాగుంటుందో చెప్పేవాళ్లు బోలెడుమంది. అక్కణ్ణుంచి ఏ తిండి కొనుక్కొస్తే ఇక్కడ నలుగురూ తింటారో చెప్పేవాళ్లు తక్కువ. చెన్నైలో దిగి గూడూరు మీదుగా ఇంటికి చేరేసరికి తెచ్చిన వాటిలో కొన్ని కరిగిపోతాయి. ఇంకొన్ని "ఇందులో ఏం కలిపారో ఏమో" అన్న అనుమానంతో ఫ్రిజ్ మీదే ఉండిపోతాయి.

మంచు సంగతి ముందు తేల్చేద్దాం. ఖర్చు తక్కువ, పాస్‌పోర్టుతో పనిలేనిది గుల్మార్గ్. శ్రీనగర్ నుంచి యాభై కిలోమీటర్లే. అక్కడి గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకి చేరుస్తుంది. కాకపోతే 2024 జనవరిలోలా మంచు పడని సీజన్ తగిలితే బోడి కొండలు చూసి రావాలి. అల్మాటీ వెళ్తే షింబులాక్ అనే స్కీ రిసార్టు ఊరికి దగ్గరే, మెదెయు స్కేటింగ్ మైదానం దగ్గర కేబుల్ కారెక్కితే చాలు. 14 రోజుల దాకా మనకి వీసా అక్కర్లేదు. హొక్కైడోలోని నిసెకో మంచుకి సాటి లేదు. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ పట్టుకొచ్చి పిండిలా కురిపిస్తుంది. ఖర్చూ అంతే, మూడింట్లోనూ అదే ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేనైతే అల్మాటీ అంటాను. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం నా మాట మారుతుంది.

ఎందుకంటే మన ఇళ్లల్లో ప్యాకెట్ చేతికి రాగానే పెద్దవాళ్లు వెతికేది పచ్చ చుక్క. జపాన్ పెట్టె మీద అది ఉండదు, కజక్ పెట్టె మీదా ఉండదు. జపాన్‌లో గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత వంటి అలర్జీ పదార్థాలు ఉంటే తప్పనిసరిగా రాయాలి. గొడ్డుమాంసం, పందిమాంసం, కోడి, జెలాటిన్ మాత్రం "రాస్తే మంచిది" అనే జాబితాలోవి. కాబట్టి అలర్జీ పట్టీలో కనబడలేదు గదా అని నిశ్చింతగా ఉండకూడదు, మొత్తం పదార్థాల వరుస చదవాలి. ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్‌లో ఆ భాషను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోండి. మెరిసే కాగితం మీద యాప్ తడబడుతుంది. లైటు పక్కనుంచి పడేలా పట్టుకుంటే కొంత నయం.

తేదీల తిరకాసు ఇంకోటి. జపాన్‌లో ఏడాది ముందు రాస్తారు. 26.03.05 అంటే 2026 మార్చి 5. మన అలవాటున వెనక నుంచి చదివి, ఇరవై ఏళ్ల కిందటి సరుకని కంగారుపడే ప్రమాదం ఉంది. అల్మాటీలో రోజు, నెల, ఏడాది మనలాగే రాస్తారు గానీ, చాలా ప్యాకెట్ల మీద తయారైన తేదీ ఒకచోట, ఎన్ని నెలలు నిలవుంటుందో ఇంకోచోట ఉంటాయి. ఆ తయారీ తేదీనే గడువు తేదీ అనుకుని మంచి చాక్లెట్‌ని పారేయకండి.

హొక్కైడో తిండిలో పేరున్నది షిరోయి కొయిబితో. సపోరోలోని ఇషియా కంపెనీ 1976 నుంచి చేస్తోంది. రెండు పల్చటి బిస్కెట్ల మధ్య తెల్ల చాక్లెట్ పలక. విడివిడిగా కాగితంలో చుట్టి ఉంటాయి కాబట్టి ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో పంచడానికి ఇంతకన్నా వీలైనది లేదు. నెలల తరబడి నిలవుంటుంది. గుడ్డు ఉందన్న సంగతి మాత్రం ముందే చెప్పి ఇవ్వాలి. రాయిస్ వారి నామా చాక్లెట్ రుచిలో దీనికంటే పైమెట్టు, కానీ మీగడతో చేసింది కాబట్టి 10 డిగ్రీల లోపు ఉంచాలి. పైగా చాలా రకాల్లో మద్యం కలుస్తుంది, ఎక్కువమంది కొనే "ఓ లే"లో కూడా. మన ఎండకి అది పని కాదు. రొక్కతెయ్ వారి బటర్ శాండ్ (వెన్న క్రీము నింపిన బిస్కెట్) అద్భుతం, నిలవ రోజుల్లోనే లెక్క, అక్కడే తినేసి రండి. గొర్రెమాంసం రుచితో క్యారమెల్ కూడా అమ్ముతారు. స్నేహితుల మీద పగ ఉంటే కొనండి.

అల్మాటీలో రాఖత్ చాక్లెట్ చవక, నీలం కాగితం మీద సూర్యుడు, గద్ద బొమ్మలతో చూడ్డానికీ బాగుంటుంది. పూరకం లేని బార్లే తీసుకోండి. కాన్యాక్ నింపినవీ పక్కనే ఉంటాయి, పైకి చూస్తే తేడా తెలియదు. గ్రీన్ బజార్‌లో దొరికే కుర్త్ అంటే పులిసిన పాల నుంచి చేసి, ఉప్పేసి ఎండబెట్టిన గట్టి ఉండలు. చల్ల మిరపకాయలు నంజుకునే నాలుక్కి ఆ పులుపూ ఉప్పూ కొత్తేం కాదు, కారం ఒక్కటే లోటు. అయినా పిల్లలు ఒకటి నోట్లో వేసుకుని మొహం మాడ్చుకుంటారు, ఎక్కువ కొనొద్దు. అదే బజారులో వేలాడే కాజీ గుర్రపు మాంసం సాసేజ్. అనుమతి పత్రం లేకుండా మాంసం తెస్తే కస్టమ్స్‌లో తీసేసుకుంటారు, దాని జోలికి పోకండి.

కాశ్మీర్ సరుకుకి ఈ చిక్కులేవీ లేవు. లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది, పచ్చ చుక్క, 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు ఉంటాయి. పాంపోర్ వైపు పండే కుంకుమపువ్వుకి 2020లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న) గుర్తింపు వచ్చింది. కోత అక్టోబర్ చివర, నవంబర్‌లో, అంటే మనం మంచుకి వెళ్లేనాటికి కొత్త పంట దొరుకుతుంది. మోంగ్రా రకం అడగండి, అందులో ఎర్ర కొసలే ఉంటాయి. నీళ్లలో వేస్తే రంగు మెల్లగా దిగాలి, రేక ఎర్రగానే మిగలాలి. వేసిన వెంటనే నీళ్లు ఎర్రబడి రేక తెల్లబోతే అది రంగద్దిన సరుకు.

కాబట్టి గుడ్డు, మద్యం పట్టింపున్న ఇంటికి కాశ్మీరే మేలు, రెండో ఆలోచన వద్దు. ఆఫీసుకీ, పిల్లల స్నేహితులకీ షిరోయి కొయిబితో. రాఖత్ ఈ రెంటికీ మధ్యలో, జేబుకి తేలిక. జనవరిలో అయితే పెట్టె మధ్యలో బట్టల్లో చుట్టి తేవొచ్చు, మార్చి దాటాక చాక్లెట్ ఏదైనా రిస్కే. కరిగి మళ్లీ గడ్డకట్టాక పైన తెల్లటి పూత కనబడితే అది బూజు కాదు, కోకో వెన్న పైకి తేలడం. తినొచ్చు, బహుమతిగా ఇవ్వడానికే బాగుండదు. కాశ్మీర్‌లో అక్రోట్లు కొంటే తొక్కతో ఉన్నవే కొనండి. బరువెక్కువే గానీ, ఒలిచిన పప్పుని మన ఉక్కలో బయట వదిలేస్తే పాత నూనె వాసన పడుతుంది.