జర్మన్‌లో క్వాడ్రాటిష్, ఫీర్‌ఎకిష్: ఏది ఎక్కడ?

రెండింటినీ "చతురస్రాకార" అని తెలుగు చేస్తే కొలతే తప్పుతుంది. ఫీర్ అంటే నాలుగు, ఎకె అంటే మూల. కాబట్టి ఫీర్‌ఎకిష్ అంటే నాలుగు మూలలున్నదని మాత్రమే; క్వాడ్రాటిష్ అంటే నాలుగు భుజాలూ సమానమైన చతురస్రాకారమని. 120 × 80 సెంటీమీటర్ల బల్ల ఫీర్‌ఎకిషే, క్వాడ్రాటిష్ కాదు. 80 × 80 అయితే రెండూ చెల్లుతాయి. మన "చతురస్రం"కు కూడా మూలార్థం నాలుగు మూలలే, కానీ వాడుకలో అది నాలుగు సమాన భుజాలకు కట్టుబడింది. అందుకే ఫీర్‌ఎకిష్‌కు "నాలుగు మూలల" అనడమే మేలు. అన్నీ లంబకోణాలని చెప్పాలంటే జర్మన్‌లో రెష్ట్‌ఎకిష్ అనే వేరే మాటుంది.

వర్గ సమీకరణానికి ఫీర్‌ఎకిష్ వాడరు: అది "క్వాడ్రాటిషె గ్లైషుంగ్". ఫ్రెంచ్‌లో చతురస్రాకారానికి మాట కారే; వర్గ సమీకరణాన్ని మాత్రం కారే అనరు, "రెండో డిగ్రీ సమీకరణం" అంటారు. చదరపు మీటరు ఫ్రెంచ్‌లో "మెత్ర్ కారే", విశేషణం నామం తర్వాత వస్తుంది. జర్మన్‌లో "క్వాడ్రాట్‌మేటర్", ఒకే సమాసం. ఇక్కడ క్వాడ్రాటిష్‌ను విడిగా పెట్టడం తప్పు.

మనిషిని కారే అంటే ఫ్రెంచ్‌లో ముక్కుసూటివాడు; ఇంగ్లీషులో స్క్వేర్ అంటే పాతకాలపు మనిషి.