సాగే బ్యాగింగ్ ఫిల్మ్: లోతైన మౌల్డ్‌లకు ఎంతవరకు పనికొస్తుంది?

రెజిన్ (గట్టిపడే జిగురు) పూసిన కార్బన్ గుడ్డను మౌల్డ్‌లో పరిచి, పైన ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పి అంచులు మూసి, లోపలి గాలి లాగేయడమే వాక్యూమ్ బ్యాగింగ్. కార్బన్ ఫైబర్ భాగాలకు ఇలా వాక్యూమ్ పెట్టేవాళ్లకు అసలు పరీక్ష మూలల దగ్గరే. చదునైన మౌల్డ్ మీద ఏ ఫిల్మ్ వేసినా పని జరిగిపోతుంది. మిర్రర్ కవర్, ఎయిర్ డక్ట్, సీటు గుల్ల లాంటి లోతైన, మలుపులున్న మౌల్డ్ దగ్గరికొచ్చేసరికి ఫిల్మ్ మూలకు దిగకుండా అడ్డంగా బిగుసుకుపోతుంది. దీన్నే బ్రిడ్జింగ్ అంటాం. ఫిల్మ్ తాకని చోట ఒత్తిడి ఉండదు. ఒత్తిడి లేని చోటికి రెజిన్ చేరి గడ్డకడుతుంది, గాలి బుడగలు అక్కడే మిగిలిపోతాయి.

దీనికి మందుగా దొరుకుతున్నది బాగా సాగే పాలీఓలెఫిన్ (పాలిథిన్ జాతి ప్లాస్టిక్) బ్యాగింగ్ ఫిల్మ్. మామూలు నైలాన్ ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తే ఇది కొనదగ్గ సరుకే. కాకపోతే ప్యాకెట్ మీద రాసిన కారణానికి కాదు.

ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది సాగుదల శాతం: 400, 500 అని. నైలాన్ ఫిల్మ్ డేటా షీట్ తీసి చూడండి, అక్కడా 350, 400 లాంటి అంకెలే ఉంటాయి. అవి తెగిపోయేదాకా లాగితే వచ్చేవి. బ్యాగింగ్‌లో ఎవరూ అంత దూరం లాగరు. మనకు కావలసింది, ఎంత తక్కువ బలానికి సాగడం మొదలుపెడుతుందన్నది. తేడా అంతా అక్కడే ఉంది.

బ్యాగ్‌ని నొక్కేది పంప్ కాదు, బయటి గాలి. సముద్రమట్టం దగ్గర అది సుమారు 1 బార్, అంటే చదరపు మీటరుకు దాదాపు 10 టన్నులు. వినడానికి చాలా ఎక్కువ. అయితే ఫిల్మ్‌ని సాగదీసే బలం ఒత్తిడి మీదే కాదు, ఆ చోట ఫిల్మ్ తిరిగిన వంపు మీద కూడా ఆధారపడుతుంది. 50 మైక్రాన్ల ఫిల్మ్ మూలకు అడ్డంగా 20 మి.మీ. రేడియస్‌తో నిలబడిందనుకోండి, 1 బార్ దగ్గర అందులో పుట్టే స్ట్రెస్ 40 మెగాపాస్కల్స్. కాస్త సాగి 5 మి.మీ. రేడియస్‌కి దిగేసరికి అది 10కి పడిపోతుంది (ఫిల్మ్ పలచబడటాన్ని ఈ లెక్కలో కలపలేదు). మూలకు దగ్గరయ్యేకొద్దీ లాగే బలమే తగ్గిపోతోందన్నమాట. బిరుసైన నైలాన్ మధ్యలోనే ఆగిపోతుంది, మెత్తటి ఫిల్మ్ ఇంకాస్త లోపలికి వెళ్లి ఆగుతుంది. కానీ రెండూ ఎక్కడో ఒకచోట ఆగేవే. పెద్ద పంప్ కొంటే మూల నిండుతుందనుకుంటే డబ్బు దండగ. బ్యాగ్‌లో గాలి పోయాక ఏ పంప్ అయినా 1 బార్‌కి మించి ఇవ్వలేదు.

అందుకే ఈ ఫిల్మ్‌తో కుచ్చులు పెట్టే పని తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. నైలాన్ అయితే మౌల్డ్ లోపలి ఒంపుల వెంట దారం పరిచి కొలిచి, దానికి 20 నుంచి 30 శాతం కలిపి కోయాలి, ప్రతి లోపలి మూలకూ ఒక కుచ్చు ఇవ్వాలి. దీనికి 10 నుంచి 15 శాతం కలిపితే చాలు, అన్నిటికంటే లోతైన మూలలకు మాత్రం కుచ్చు తప్పకుండా ఇవ్వాలి. కుచ్చు అంటే ఫిల్మ్ అంచుల్ని మూసే సీలెంట్ టేప్‌ని ఫ్లాంజ్ (మౌల్డ్ చుట్టూ ఉండే చదునైన అంచు) మీదినుంచి నిలువుగా పైకి లేపి, దాని రెండు ముఖాలకూ ఫిల్మ్ అంటించి చెవిలా వదలడం. చెవి మూలకు ఎదురుగా ఉండాలి. పక్కకు జరిగితే వదులంతా అక్కర్లేని చోట పోగై, మూల మళ్లీ బిగుసుకుంటుంది.

ఈ ఫిల్మ్ వాడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం ఫిల్మ్ దగ్గర కాదు, దాని కిందున్న పొరల దగ్గర. కార్బన్ మీద వేసి, గట్టిపడ్డాక ఒలిచేసే పీల్ ప్లై నేసిన గుడ్డ, సాగదు. పై పొరలు అంటుకోకుండా వేసే రంధ్రాల రిలీజ్ ఫిల్మ్ కూడా అంతంతమాత్రమే. వీటిని ఒకే ముక్కగా పరిస్తే పైన ఎంత మెత్తటి బ్యాగ్ వేసినా అవే మూలకు అడ్డుపడతాయి. పీల్ ప్లైని ముక్కలుగా కోసి, మూల దగ్గర 20 మి.మీ. ఒకదానిమీద ఒకటి ఎక్కేలా వేయండి. బ్యాగ్ లాగినప్పుడు ఆ ముక్కలు జారి లోపలికి దిగుతాయి. కార్బన్ గుడ్డకూ ఇదే సూత్రం: ట్విల్‌ని (ఏటవాలు గీతల నేత గుడ్డని) 45 డిగ్రీల ఏటవాలుగా తిప్పి వేస్తే ఒంపులకు తేలిగ్గా ఒదుగుతుంది. ఒకే ముక్క ఎదురెదురు మూలలు రెండింటిలోకీ దిగాలంటే దిగదు. కోసి అతుకు వేయండి, ఒక్కో పొరలో అతుకు ఒక్కో చోట పడాలి. మూల రేడియస్ 3 మి.మీ. కన్నా తక్కువైతే రెజిన్‌లో తడిపిన కార్బన్ పోగును ముందుగా ఆ గాడిలో పరిచేయడం మేలు.

రెజిన్ లెక్క మామూలే. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే గుడ్డ 4 పొరలు, అర చదరపు మీటరు అంటే 400 గ్రాముల కార్బన్. అంతే బరువు ఎపాక్సీ రెజిన్ కలిపితే సరిపోతుంది, మిగులు బ్రీదర్‌లోకి (ఫిల్మ్ కింద వేసే, దూదిలాంటి పీల్చే పొరలోకి) పోతుంది. ఒకే లోతైన డబ్బాలో కలిపితే వేడెక్కి ముందే గట్టిపడుతుంది కాబట్టి రెండు విడతలుగా, వెడల్పాటి పాత్రలో కలపండి.

ఇక బ్యాగ్ లాగే తీరు. ఒకేసారి పూర్తి వాక్యూమ్ పెట్టడమే పెద్ద పొరపాటు. గేజ్ మీద 0.2 బార్ దగ్గర వాల్వ్ బిగించి ఆపండి. అప్పటికి ఫిల్మ్ పొరల మీద వాలి ఉంటుంది కానీ ఇంకా జారుతుంది. కుచ్చులోని వదులును వేళ్లతో మూలవైపు తోసి, మొన గుండ్రంగా అరగదీసిన చెక్కపుల్లతో మూల అడుగుదాకా నొక్కాలి. ముందు అన్నిటికంటే లోతైన మూల, తర్వాత పైకి. నొక్కిన చోట రెజిన్ పీల్ ప్లైలోంచి ఊరి, బ్రీదర్ మీద నల్లటి చుక్కలుగా కనిపిస్తే అక్కడ ఒత్తిడి తగిలినట్టే. మూల చుట్టూ చుక్కలుండి మధ్యలో బ్రీదర్ తెల్లగా ఉంటే అక్కడ బ్రిడ్జింగ్ ఉంది, గాలి వదిలి మళ్లీ సర్దండి. పూర్తి వాక్యూమ్ పెట్టాక సర్దాలని చూస్తే ఫిల్మ్ కదలదు, చిరుగుతుంది.

సర్దడం అయ్యాక పూర్తి వాక్యూమ్ పెట్టి, పంప్ వాల్వ్ మూసి లీక్ చూడాలి. గేజ్‌ని పంప్ గొట్టం పక్కనే కాకుండా బ్యాగ్‌లో అవతలి చివర పెట్టండి. 10 నిమిషాల్లో 20 మిల్లీబార్లకు మించి పడితే వెతకాల్సిందే. ఒక గొట్టం ముక్క చెవికి ఆనించి రెండో కొనను టేప్ వెంబడి జరిపితే లీకున్న చోట సన్నగా ఈల వినిపిస్తుంది. ఈ విషయంలో మెత్తటి ఫిల్మ్‌ది పైచేయి. నైలాన్ కదిలితే గరగరలాడి ఆ ఈలను కప్పేస్తుంది, ఇది శబ్దం చేయదు.

లోపాలూ ఉన్నాయి. మొదటిది, సాగిన చోట పలచబడుతుంది. సాగి విస్తీర్ణం రెట్టింపైతే మందం సగమవుతుంది. అక్కడ విరిగిన కార్బన్ పోగు మొన తగిలితే సూది రంధ్రమే. పదునైన అంచులన్నిటి మీదా బ్రీదర్ రెండు మడతలు వేయాలి. ఒకసారి వాడిన ఫిల్మ్‌ని మళ్లీ వాడటం కూడా ఇందుకే వద్దంటున్నాం. రెండోది, టేప్ దగ్గర లాగి అంటిస్తే అది మెల్లగా వెనక్కి తగ్గుతూ టేప్‌ని ఈడుస్తుంది, గంట తర్వాత లీక్ బయటపడుతుంది. ఫ్లాంజ్ దగ్గర ఎప్పుడూ వదులుగానే ఉంచండి. మూడోది వేడి. ఈ రకం ఫిల్ముల్లో చాలావాటికి పరిమితి 120 డిగ్రీల దగ్గరే. గది వేడిలో గట్టిపడి, 60 నుంచి 80 డిగ్రీల్లో పోస్ట్ క్యూర్ (గట్టిపడ్డాక మళ్లీ వేడిచేయడం) అయ్యే ఎపాక్సీకి ఇబ్బంది లేదు. 120 దాటి వేడి కోరే ప్రీప్రెగ్‌లకు (రెజిన్ ముందే పట్టించిన గుడ్డలకు) నైలానే దిక్కు.

నిల్వ విషయంలో మళ్లీ దీనికే మార్కులు. నైలాన్‌కి మెత్తదనం ఇచ్చేది గాలిలోంచి పీల్చుకునే తేమే. పొడి గాలిలో విప్పి ఉంచిన రోల్ పెళుసెక్కి, మడతల దగ్గర చిట్లుతుంది. ఈ ఫిల్మ్‌కి ఆ బాధ లేదు.

చదునైన ప్యానెల్స్ మాత్రమే చేసేవాళ్లు దీనికి ఎక్కువ పెట్టనక్కర్లేదు, నైలాన్ చాలు. లోతు వెడల్పుకి సగం దాటిన మౌల్డ్, లేదా మూడు ముఖాలు కలిసే మూలలున్న మౌల్డ్ అయితే కళ్లు మూసుకుని కొనండి. భాగం ఊడదీశాక మూలల్ని నాణెంతో తట్టి చూడండి. పక్క గోడలా టంగుమనకుండా బోలుగా, మందంగా పలికితే కింది పొరల్లో ఏదో అడ్డుపడినట్టు. ఈసారి ఫిల్మ్ మార్చే ముందు పీల్ ప్లై ముక్కల్ని ఇంకా చిన్నగా కోయండి.