పిల్లల మధ్యాహ్న క్యారేజీ: విడి అన్నం-కూరా, కలిపిన అన్నమా, చపాతీనా, బడి భోజనమా – ఏది మేలు?

సాయంత్రం క్యారేజీ మూత తీసినప్పుడు సగం అన్నం అలాగే కనిపిస్తే, పొద్దున అందులో ఎన్ని పోషకాలు సర్దామన్న లెక్క వృథా అయినట్టే. అందుకే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళలో పిల్లలకు మధ్యాహ్నానికి పెట్టే పద్ధతులను పోల్చేటప్పుడు పోషక విలువ ఒక్కదాన్నే చూడకుండా మరో మూడు సంగతులను కూడా లెక్కలోకి తీసుకుంటున్నాను. పొద్దున ఏడున్నరకు కట్టిన అన్నం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎలా ఉంటుంది? పెద్దవాళ్ళ సాయం లేకుండా బిడ్డ తనంతట తాను తినగలుగుతాడా? పక్కన నలుగురు కూర్చుని ఉండగా ఆ బాక్సు తెరవడానికి వాడికి మొహమాటం లేకుండా ఉంటుందా?

భోజన విరామం ముప్పావు గంట అని టైంటేబుల్లో రాసి ఉన్నా, కొళాయి దగ్గర వరుసలో నిలబడి చేతులు కడుక్కుని, వరండాలో చోటు చూసుకుని, మూతలు తీసుకునేసరికి తినడానికి మిగిలేది పదిహేను ఇరవై నిమిషాలే. ఆ కాస్త సమయంలో కూడా ఆటకు ఎప్పుడు పరుగెత్తుదామా అన్న ధ్యాసే పిల్లలకు ఎక్కువ. నమలడానికి ఎక్కువసేపు పట్టేదీ, కలుపుకోవడానికి శ్రమ పడాల్సినదీ ఏదైనా సరే ఈ పరీక్షలో తప్పుతుంది.

ఇక పోషకాల లెక్క. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ళ బిడ్డకు రోజుకు సుమారు 1,700 కిలో క్యాలరీల శక్తి, 23 గ్రాముల ప్రోటీన్లు కావాలి. అందులో మూడో వంతు మధ్యాహ్నం అందాలనుకుంటే 550 కిలో క్యాలరీలకు కొంచెం పైన, ఎనిమిది గ్రాముల దాకా ప్రోటీన్లు క్యారేజీలో ఉండాలి. 200 గ్రాముల వండిన అన్నంలో వచ్చేది సుమారు 260 కిలో క్యాలరీలు, ఐదు గ్రాముల ప్రోటీన్లు. అన్నంలో దొరికే ప్రోటీన్లలో లైసిన్ అనే అంశం తక్కువ; పప్పు, గుడ్డు, పెరుగు ఆ లోటు తీరుస్తాయి. వరి పండే సీమలో మనకు అన్నానికి కొదవ లేదు కాబట్టి, అన్నంతో పాటు రెండోది ఏం వెళ్తోందన్నదే అసలు ప్రశ్న.

విడివిడిగా అన్నం ఒక గిన్నెలో, పప్పో కూరో మరో గిన్నెలో పెట్టి పంపడం చూడటానికి అన్నిటికన్నా సంపూర్ణంగా ఉంటుంది. ఇంట్లో అందరూ తినేదే బిడ్డకూ వెళ్తుంది, పొద్దున వేరే వంట పెట్టుకోనక్కర లేదు, పప్పూ కూరగాయా రెండూ అందుతాయి. అయితే ఆరేడేళ్ళ పిల్లలు ఈ క్యారేజీతో పడే అవస్థను ఒకసారి దగ్గర నుంచి గమనించాలి. స్టీలు గిన్నె మూత బిగుసుకుపోయి రాకపోతే పళ్ళతో లాగుతారు. అది ఒక్కసారిగా ఊడివచ్చి పప్పు సగం ఒళ్ళో పడుతుంది. చల్లారి పలుకుగా మారిన అన్నంలో మిగిలిన పప్పు కలవక, పైపైన తడిసిన నాలుగు ముద్దలు తిని, తెల్లగా మిగిలినదాన్ని మూత పెట్టి ఇంటికి తెస్తారు. కూర నీళ్ళగా ఉంటే పుస్తకాల సంచీలోకి కారుతుంది, గట్టిగా ఉంటే అన్నానికి అంటదు. తొమ్మిది పదేళ్ళు దాటి, కంచంలో తమంత తాము కలుపుకుని తినే అలవాటు బాగా పడిన పిల్లలకు మాత్రం ఇదే మేలైన పద్ధతి అని నా అభిప్రాయం. వాళ్ళకైనా సొరకాయ పులుసు వంటి నీళ్ళ కూరలకన్నా బెండకాయ వేపుడు, కోడిగుడ్డు పొరటు, పెసరపప్పు వేసి దగ్గరగా వండిన పొట్లకాయ కూర వంటివి కుదురుతాయి. మన నెల్లూరు చేపల పులుసు మరుసటి రోజుకు ఎంత రుచిగా ఉన్నా, ముళ్ళు తీసుకునే తీరిక లేని చోటికి అది పంపదగినది కాదు.

కలిపిన అన్నం గురించి ఎక్కువగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులోనే మంచిదీ, పేరుకు మాత్రమే మంచిదీ పక్కపక్కన ఉన్నాయి. నిమ్మకాయ అన్నాన్ని చూడండి. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలకు పేరున్న ప్రాంతం మనది, ఏ ఇంట్లోనైనా పది నిమిషాల పని, పులుపు వల్ల మధ్యాహ్నం దాకా చెడదు, పిల్లలు మిగల్చకుండా తింటారు. కానీ పసుపు రంగు చూసి తృప్తి పడితే అందులో ఉన్నది అన్నం, నూనె, నాలుగు ఆవగింజలు మాత్రమే. తిరగమాతలో గుప్పెడు శెనక్కాయలు వేస్తే సంగతి మారిపోతుంది. ఇరవై గ్రాముల శెనక్కాయ పప్పుల్లో సుమారు ఐదు గ్రాముల ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి, అలంకారం కోసం అయిదారు పలుకులు కాక నిజంగా గుప్పెడు వేయాలి. కరివేపాకును అలాగే వేస్తే పిల్లలు ఏరి పక్కన పెడతారు, వేయించి నలిపి కలిపితే కడుపులోకి వెళ్తుంది. నిమ్మరసం పొయ్యి కట్టేశాక పిండాలి. పొయ్యి మీద ఉండగా పోస్తే చేదెక్కుతుంది, వేడికి తగ్గిపోయే విటమిన్ సి కూడా పోతుంది. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ విటమినే తోడ్పడుతుంది.

పోషకాల పరంగా పప్పన్నానిదే పైచేయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల మెట్ట భూముల్లో కంది విరివిగా పండుతుంది. ఆ కందిపప్పు ముప్పై గ్రాములు ఉడికిస్తే ఆరు గ్రాములకు పైగా ప్రోటీన్లు వస్తాయి. తోటకూరో, మునగాకో సన్నగా తరిగి పప్పులోనే మెత్తగా ఉడికిస్తే, కూరగా పెడితే ముట్టని పిల్లలు కూడా తింటారు. పప్పన్నానికి ఉన్న ఒకే ఒక దోషం చల్లారేకొద్దీ బిగుసుకుని గడ్డకట్టడం. ఇంట్లో వేడివేడిగా తినేటప్పుడు సరిగ్గా ఉన్నంత గట్టిగా కలిపి పంపితే, మధ్యాహ్నానికి అది చెంచాకు లొంగని ముద్దవుతుంది. అందుచేత పొద్దున చూసినప్పుడు ‘ఇంత జారుగా ఉందేమిటి’ అనిపించేంత పలచగా, కాసిన్ని వేడినీళ్ళూ ఒక చెంచా నెయ్యీ చేర్చి, అన్నాన్ని మెదిపి కలపాలి. అలా కలిపితే ఐదేళ్ళ బిడ్డ కూడా పది నిమిషాల్లో ముగించి లేస్తాడు.

పెరుగన్నం మన ఎండలకు తగినదే కానీ, పొద్దున పుల్లటి పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి నోట పెట్టలేనంత పులుస్తుంది. దీనికి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎప్పటినుంచో చేసే పద్ధతి ఉంది. వేడి అన్నాన్ని మెత్తగా మెదిపి, అందులో కాచిన పాలు ధారాళంగా పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక చిన్న చెంచా పెరుగు తోడు వేసి బాక్సులో పెడితే, బడిలో పాఠాలు జరుగుతుండగానే అన్నం తోడుకుని, విరామ సమయానికి కమ్మగా తయారవుతుంది. తురిమిన క్యారెట్టో, దానిమ్మ గింజలో పైన చల్లవచ్చు. దోసకాయ ముక్కలు మాత్రం నీరు వదులుతాయి కాబట్టి పనికిరావు.

కలిపిన అన్నం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. రాత్రి గిన్నెలో మిగిలి, తెల్లవార్లూ బయటే ఉన్న అన్నాన్ని పొద్దున పులిహోర చేసి పంపడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. వండిన అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు విడిచే విషం మళ్ళీ వేడి చేసినా నశించదు. నెల్లూరు ఉక్కలో ఆ ముప్పు మరింత ఎక్కువ. రాత్రి అన్నమే వాడుకోవాలనుకుంటే వండిన గంట, రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టి ఉండాలి. అలాగే పొగలు కక్కే అన్నం మీద వెంటనే మూత బిగిస్తే లోపల చెమ్మ పట్టి త్వరగా పాచిపోతుంది; పళ్ళెంలో ఆరబోసి ఆవిరి పోయాక బాక్సులోకి తీయాలి.

చపాతీ వారానికి ఒకటి రెండు సార్లకు పర్వాలేదు. గోధుమపిండిలో బియ్యం కన్నా ప్రోటీన్లూ పీచూ ఎక్కువే, చేతులకు అంటదు, కారదు. కానీ ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పాలపళ్ళు ఊడుతున్న పిల్లలు చల్లారిన చపాతీని కొరకలేరు, రెండు చేతులా పట్టి తుంచేసరికి విరామం అయిపోతుంది. నీళ్ళకు బదులు పాలతో పిండి కలిపి, లోపల గుడ్డు పొరటు పరిచి చుట్టగా చుట్టి, రెండు ముక్కలు కోసి పెడితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. దోశె విషయంలో నాకు అంత నమ్మకం లేదు. పెనం మీద నుంచి తీసిన నెల్లూరు కారం దోశెకు సాటి లేకపోవచ్చు గానీ, ఐదు గంటలు మూత కింద ఉన్నాక అది సాగుతుంది, కొబ్బరి చట్నీ అయితే ఎండకు విరిగిపోతుంది. ఇడ్లీలకు నెయ్యీ కారప్పొడీ పట్టించి పంపడం దానికన్నా నయం. కనిగిరి, మార్కాపురం వైపు ఇళ్ళలో చేసే జొన్నరొట్టె ఇంటి భోజనానికి ఎంతో మంచిదే అయినా మధ్యాహ్నానికి గట్టిపడుతుంది. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండే రాగులను కూడా బాక్సులో ఇరికించే కన్నా పొద్దున జావగానో, రాత్రి సంగటిగానో ఇవ్వడమే తెలివైన పని.

ప్రభుత్వ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులకు నాలుగో దారి ఉంది, దాన్ని చిన్నచూపు చూడటం సరికాదు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తరవాత మన రాష్ట్రంలో 2003 నుంచి వండిన భోజనం బడుల్లో పెడుతున్నారు. 2020లో దాన్ని జగనన్న గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని పేరు మార్చారు. ప్రాథమిక తరగతుల బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలతో 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్లు అందాలన్నది కేంద్రం పెట్టిన కొలత. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 700 కిలో క్యాలరీలు, 20 గ్రాములు. వీటికి తోడు రాష్ట్రం గుడ్డు, శెనక్కాయ చిక్కీ, 2023 నుంచి రాగిజావ చేర్చింది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. ఒక్క గుడ్డులోనే ఆరు గ్రాముల ప్రోటీన్లు ఉంటాయి. ఇంటి నుంచి నిమ్మకాయ అన్నం తీసుకెళ్ళే బిడ్డకన్నా, బడిలో వేడిగా వడ్డించిన అన్నం, పప్పు, గుడ్డు తినే బిడ్డకే ఆ పూట మేలు జరుగుతుందని ఈ లెక్క చూసి ఒప్పుకోక తప్పదు. రుచి, శుభ్రత వండే వారిని బట్టి బడికీ బడికీ మారే మాట నిజమే. ఒకరోజు మధ్యాహ్నం తల్లిదండ్రులే వెళ్ళి వడ్డన చూసి, రుచి చూసి నిర్ణయించుకోవచ్చు. కారం ఎక్కువైందని బిడ్డ అంటే భోజనం మాన్పించనక్కర లేదు, చిన్న డబ్బాలో పెరుగు పంపితే సరిపోతుంది.

పక్కన కూర్చునే పిల్లల ప్రభావాన్ని తల్లిదండ్రులు తక్కువగా అంచనా వేస్తారు. ఎండు రొయ్యల పొడి కలిపిన అన్నం ఇంట్లో అడిగి పెట్టించుకునే బిడ్డే, బడిలో ఒకరు వాసన అని ముక్కు మూసుకుంటే మరునాటి నుంచి బాక్సు తెరవడు. అదే పక్కవాడు ఉడికించిన అలసందలు ఇష్టంగా తింటుంటే, ఇంట్లో ముట్టనివాడు కూడా రెండు గింజలు అడిగి నోట్లో వేసుకుంటాడు. అందుచేత కొత్త వంటకాన్ని మొదట సెలవు రోజున ఇంట్లో తినిపించి, చల్లారాక కూడా నచ్చిందో లేదో చూసి, ఆ తరవాతే బడికి పంపాలి. పంపేటప్పుడు ఒకరికి పంచేంత ఎక్కువ పెడితే ఇంకా మంచిది.

బ్రెడ్డు-జాము, రెండు నిమిషాల నూడుల్స్, చిప్సు పొట్లం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. పిల్లలు తప్పక తింటారు, మూడింటికల్లా ఆకలంటారు. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న పదార్థాలను బడి ఆవరణ నుంచి 50 మీటర్ల లోపు అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన పెట్టింది. వాటినే మనం ఇంటి నుంచి సంచీలో సర్ది పంపితే ఆ నిబంధన ఏం చేయగలదు?

కాబట్టి నేను వేసే వరుస ఇది. ప్రభుత్వ బడిలో వంట బాగుంటే అక్కడి భోజనానికే మొదటి స్థానం. ఇంటి నుంచి పంపక తప్పని చోట, తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు జారుగా కలిపిన పప్పన్నం, పక్కన ఉడికించిన గుడ్డు. గుడ్డు తినని ఇళ్ళలో శెనక్కాయలు దండిగా వేసిన నిమ్మకాయ అన్నంతో పాటు తోడు వేసిన పెరుగన్నం. ఆ వయసు దాటినవారికి విడి అన్నం, దగ్గరగా వండిన కూర. చపాతీ చుట్ట మార్పు కోసం. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాక బిడ్డ మధ్యాహ్నానికే ఇంటికి వస్తాడు కాబట్టి క్యారేజీ అవసరం ఉండదు. పొద్దుటి విరామానికి అలసంద గుగ్గిళ్ళో, బెల్లంతో వేయించిన శెనక్కాయలో చిన్న డబ్బాలో పెట్టి, మంచినీళ్ళ సీసా మాత్రం పెద్దది ఇచ్చి పంపాలి.