గుత్తి–ఎర్రగుడి వన్ డే ట్రిప్పుకు డబ్బు కట్టకండి

అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ‘మరుగున పడ్డ చరిత్ర’ ట్రిప్పు పోస్టర్ మీరూ చూసే ఉంటారు. గుత్తి కోట, ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు, పత్తికొండ దగ్గర రాజులమందగిరిలో మరో అశోకుడి శాసనం, ఆ కాలపు బ్రాహ్మీ లిపి చదివి చెప్పే గైడు, భోజనం. తలకు 1,500, మొత్తం ముందే ఫోన్‌పే చేయాలట. దయచేసి చేయకండి.

నాన్నా నేనూ వెళ్లొచ్చాం. గుత్తి కోటలో ఎండెక్కేదాకా తిప్పారు, అది వదిలేయండి. అసలు సంగతి ఎర్రగుడిలో జరిగింది.

మా నాన్న రిటైర్డ్ సోషల్ టీచర్. ఆ బండల కోసమే వచ్చారు. అశోకుడి 14 పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్న గుట్ట అది. 1929లో బయటపడ్డాయి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, ఎద్దులు సాలు తిరిగినట్టు నడుస్తాయి. అలా నడిచే వరుసలు ఏవో చూపించమని నాన్న అడిగితే గైడు ‘ఇది పాత తెలుగు సార్, రాయలవారు చెక్కించినారు’ అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫోటోలో అక్షరాలు పడటం లేదని ఎవరో అనగానే జేబులోంచి సుద్దముక్క తీసి బండ మీద అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాడు. 2,200 ఏళ్లకు పైగా ఎండకూ వానకూ నిలిచిన అక్షరాల మీద! ‘నాయనా, రుద్దకూడదు, చెయ్యి తీయి’ అని నాన్న అడ్డం పోతే విదిలించేసి, ‘రాయికేమైతాది పెద్దాయనా, నీళ్లు పోస్తే పోతాది. అంత తెలిస్తే నువ్వే చెప్పుకో పో’ అన్నాడు. అందరి ముందర. ఎందరికో పాఠం చెప్పిన మనిషి, ఇంకేం మాట్లాడకుండా వెళ్లి బండిలో కూర్చున్నారు.

రాజులమందగిరి ఊసే లేదు. దారి బాలేదంటూ డ్రైవరు బండి వెనక్కి తిప్పాడు. డబ్బు అడిగితే నిర్వాహకుడు ‘ట్రిప్పు అయిపోయింది కదా’ అని పెట్టేశాడు. తర్వాత నా నంబరే బ్లాక్. డబ్బు పోతే పోయింది, నాన్నను అన్న ఆ మాటకూ, ఆ సుద్దకూ ఇంకా కడుపు మండుతోంది.

ఆ శాసనాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. పాడు చేస్తే 1958 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టం కింద 2 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. సుద్ద రుద్దే వీడియో నా దగ్గరుంది, శాఖకు పంపుతున్నాను. మీలో ఎవరైనా ఈ ట్రిప్పుకు వెళ్లి ఉంటే మీ ఫోటోలూ పంపండి.

చూడాలనుకుంటే గుత్తి నుంచి పత్తికొండ రోడ్డు పట్టుకుని మీ బండిలోనే వెళ్లండి. గైడును పెట్టుకుంటే ముందు ఒక్క వరుస చదివించుకోండి, డబ్బు సంగతి ఆ తర్వాతే.